సాంచా ఆడితేనే సిరిసిల్ల
వస్త్రనగరి పురపాలన, ఉపాధి రంగాల సమగ్ర స్వరూపం

సిరిసిల్ల: మానేరు తీరాన విస్తరించిన సిరిసిల్లకు మరమగ్గమే జీవనాధారం. స్థానికంగా సాంచాగా పిలిచే ఈ యంత్రం ఆడినన్నాళ్ళు అంగడి కళకళలాడుతుంది, బల్దియాకు పన్నులు జమ అవుతాయి, బడిలో పిల్లలు నిలుస్తారు. సాంచా ఆగిందంటే కిరాణా దుకాణం ఖాతా పుస్తకం మొదలు పురపాలక సంఘం పద్దు వరకు అన్నింటిపైనా ఆ ప్రభావం పడుతుంది. ఒకే వృత్తిపై ఇంతగా ఆధారపడిన పట్టణాలు తెలుగు నేలపై అరుదు. జిల్లా కేంద్రంగా ఎదిగిన తరువాత ఈ పట్టణ పాలన ఎలా సాగింది, ఉపాధి రంగం ఏ మలుపులు తిరిగింది, ముందున్న సవాళ్ళు ఏమిటి అన్న అంశాలపై సమగ్ర కథనం.

పట్టణ స్వరూపం

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న సిరిసిల్ల 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైంది. కరీంనగర్, కామారెడ్డి పట్టణాలను కలిపే రహదారిపై ఉండటం, పుణ్యక్షేత్రమైన వేములవాడకు చేరువలో ఉండటం ఈ పట్టణానికి కలిసివచ్చిన అంశాలు. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణ జనాభా 80 వేలు దాటింది. ఆ తరువాత శివారు గ్రామాల విలీనంతో పరిధి మరింత పెరిగింది.

జిల్లా కేంద్రం కావడంతో పట్టణ రూపురేఖలు మారాయి. సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం 2021 జులై 4న ప్రారంభమైంది. అదే ఏడాది జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పాటైంది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. సమీపంలోని మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ వెలసింది. ఉద్యోగులు, విద్యార్థుల రాకతో అద్దె ఇళ్ళకు, భోజనశాలలకు గిరాకీ పెరిగింది. నేత పనికి సంబంధం లేని ఆదాయం పట్టణంలోకి రావడం ఈ మార్పుతోనే బలపడింది.

చేమగ్గం నుంచి సాంచాకు

సిరిసిల్ల మొదట చేనేత కేంద్రం. పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ నేత వృత్తిని నమ్ముకుని జీవించాయి. పని దొరకని కాలంలో భీవండి, షోలాపూర్, ముంబయి, సూరత్ నగరాలకు వలస వెళ్ళి అక్కడి మిల్లుల్లో, మరమగ్గాలపై పనిచేశారు. అలా నేర్చిన పనితనాన్ని, పాత యంత్రాలను స్వస్థలానికి తెచ్చుకున్నవారి చొరవతో చేమగ్గాల స్థానంలో మరమగ్గాలు వెలిశాయి.

ఈ మార్పునకు ఊతమిచ్చిన సంస్థ సహకార విద్యుత్తు సరఫరా సంఘం. ‘సెస్’గా అందరికీ తెలిసిన ఈ సంఘం 1970లో విద్యుత్తు సరఫరా బాధ్యత చేపట్టింది. వినియోగదారులే సభ్యులుగా, ఎన్నికైన పాలకవర్గంతో నడిచే విద్యుత్తు పంపిణీ సంఘం కావడం దీని ప్రత్యేకత. ఇంటి ముంగిట కరెంటు అందుబాటులోకి రావడంతో ఇంటింటా సాంచాలు నెలకొన్నాయి. రాష్ట్రంలోని మరమగ్గాలలో అధిక భాగం సిరిసిల్ల, దాని పరిసరాల్లోనే కేంద్రీకృతమయ్యాయి. మంచి రోజుల్లో వీటి సంఖ్య 30 వేలు దాటింది. వీటిలో ఎక్కువ భాగం పాలిస్టర్ వస్త్రం నేసేవే. మిగిలిన వాటిపై లంగాల గుడ్డ, తువ్వాళ్ళు వంటి నూలు వస్త్రాలు తయారవుతాయి.

పని నడిచే తీరు

సిరిసిల్ల వస్త్రోత్పత్తిలో మూడు అంచెలు కనిపిస్తాయి. నూలు కొనుగోలుకు పెట్టుబడి పెట్టి, తయారైన గుడ్డను అమ్ముకునే యజమాని మొదటి అంచె. సొంతంగా కొన్ని సాంచాలు, షెడ్డు ఉండి, యజమాని ఇచ్చిన నూలుతో గుడ్డ నేయించి ఇచ్చే ఆసామి రెండో అంచె. సాంచా నడిపే కార్మికుడు మూడో అంచె. నూలు ధర పెరిగినా, గుడ్డ ధర తగ్గినా యజమాని ఉత్పత్తిని తగ్గిస్తాడు. ఆసామికి భీములు రావు. కార్మికుడికి పని ఉండదు. నష్టం పైనుంచి కిందికి జారుతుంది, లాభం మాత్రం అంతే వేగంగా కిందికి రాదు.

సాంచా చుట్టూ అల్లుకున్న ఉపాధి కూడా చిన్నది కాదు. నూలు పోగులను వరుసగా భీముపైకి చుట్టే వార్పిన్ కార్మికులు, కొత్త భీము పోగులను పాత పోగులకు అతికే వైపని కార్మికులు, కండెలు చుట్టే మహిళలు, భీములు మోసే హమాలీలు, యంత్రాన్ని సరిచేసే జాపర్లు, లెక్కలు చూసే గుమస్తాలు అందరూ ఈ గొలుసులోని వారే. పాలిస్టర్ షెడ్లలో ఒక కార్మికుడు 12 గంటల పూట ఎనిమిది, పది సాంచాలను ఒక్కడే చూసుకోవడం సర్వసాధారణం. కూలి నేసిన గుడ్డను బట్టి లెక్కిస్తారు కనుక కరెంటు పోయినా, పోగు తెగినా ఆ నష్టం కార్మికుడిదే.

నేత కుటుంబాల్లో మహిళలు అధిక సంఖ్యలో బీడీలు చుడతారు. సాంచా ఆగిన రోజుల్లో ఇంటిని ఈదుకొచ్చేది ఈ బీడీ కూలే. రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆసరా పింఛన్లు బీడీ కార్మికులకు, 50 ఏళ్ళు నిండిన నేత కార్మికులకు వర్తించడంతో ఈ కుటుంబాలకు కొంత భరోసా దక్కింది.

మాయని గాయం

సిరిసిల్ల పేరు దేశమంతటా వినిపించింది నేత నాణ్యత వల్ల కాదు, ఆత్మహత్యల వల్ల. 1990 దశకం చివరి నుంచి మార్కెట్ ఒడుదొడుకులు, సూక్ష్మరుణాలు, ప్రైవేటు అప్పులు, పనిలేమి కలిసి వందలాది కుటుంబాలను ఛిన్నాభిన్నం చేశాయి. అంత్యోదయ కార్డుల పంపిణీ, రుణ సాయం, మానసిక నిపుణులతో కౌన్సెలింగ్ వంటి చర్యలు ఆ కాలంలో చేపట్టారు. విద్యుత్తు చార్జీలో 50 శాతం రాయితీ పరిశ్రమకు ఊపిరి పోసింది. తంగళ్ళపల్లి మండలం బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు ఏర్పాటై ఆధునిక యంత్రాలకు చోటు దొరికింది.

అయితే రాయితీ ఎంత సామర్థ్యం వరకు వర్తిస్తుంది, పాత బకాయిల భారం ఎవరిది అన్న వివాదం సెస్‌కు, పరిశ్రమకు మధ్య పలుమార్లు తలెత్తింది. యూనిట్ ధరలో స్వల్ప తేడా వచ్చినా ఆసామి మిగులు కరిగిపోతుంది. అందుకే విద్యుత్తు లెక్క ఇక్కడ పరిశ్రమ మనుగడతో ముడిపడిన అంశం.

బతుకమ్మ చీర తెచ్చిన మలుపు

2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పేద మహిళలకు చీరల పంపిణీ ప్రారంభించింది. తొలి ఏడాది ఇతర రాష్ట్రాల నుంచి కూడా చీరలు తెప్పించగా, నాణ్యతపై పలుచోట్ల నిరసనలు వ్యక్తమయ్యాయి. తరువాతి ఏడాది నుంచి ఉత్పత్తిని ప్రధానంగా సిరిసిల్లకే అప్పగించారు. ఏటా దాదాపు కోటి చీరలు, రూ.300 కోట్ల పైచిలుకు విలువైన పని పట్టణానికి దక్కింది. సర్కారు బడుల ఏకరూప దుస్తుల గుడ్డ, రంజాన్, క్రిస్మస్ కానుకల ఆర్డర్లు దీనికి తోడయ్యాయి.

దీని ఫలితం కూలితోనే ఆగలేదు. సాదా పాలిస్టర్ గుడ్డ నేసిన సాంచాలకు డాబీ, జకార్డు పరికరాలు అమర్చారు. అంచు, కొంగు, జరీ పని నేర్చిన కార్మికులు తయారయ్యారు. వలస వెళ్ళిన వారు కొందరు తిరిగి వచ్చారు. పొదుపు చేసిన కార్మికుడి వాటాకు ప్రభుత్వ వాటా కలిపే త్రిఫ్టు పథకం అమలులోకి వచ్చింది.

అదే సమయంలో ఒక బలహీనత కూడా పాతుకుపోయింది. బహిరంగ విపణిలో సొంత కొనుగోలుదారులను వెతుక్కునే అలవాటు తగ్గింది. ప్రభుత్వమే ప్రధాన కొనుగోలుదారుగా మారింది. ఆర్డరు ఆలస్యమైతే సాంచా ఆగడం, బిల్లు ఆలస్యమైతే అప్పు పెరగడం ఆనవాయితీ అయింది.

ఆర్డరు ఆగితే ఏమవుతుంది

ఈ బలహీనత 2024లో బయటపడింది. ప్రభుత్వం మారిన తరువాత బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. పాత బిల్లుల బకాయిలు పేరుకుపోయాయి. పాలిస్టర్ వస్త్రానికి గిరాకీ లేక ఉత్పత్తిదారులు ఆ ఏడాది జనవరిలో పరిశ్రమను నిలిపివేశారు. కార్మికులు రోడ్డెక్కారు. నేత కార్మికుల బలవన్మరణాల వార్తలు మళ్ళీ పత్రికలకెక్కాయి. బకాయిలు దశలవారీగా విడుదల కావడంతో కొంత కదలిక వచ్చింది.

2024 నవంబరులో వేములవాడ కేంద్రంగా రూ.50 కోట్లతో నూలు నిల్వ కేంద్రం ఏర్పాటుకు ప్రభుత్వం నిర్ణయించింది. గుజరాత్, మహారాష్ట్రల నుంచి నూలు తెప్పించుకునే స్తోమత లేని చిన్న ఉత్పత్తిదారులకు అరువుపై నూలు అందించడం దీని ఉద్దేశం. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇందిరా మహిళా శక్తి పేరిట ఇచ్చే చీరల ఆర్డరు 2025లో సిరిసిల్లకు దక్కింది. 2025 నవంబరు 19న ఈ చీరల పంపిణీ మొదలైంది. సాంచాలు తిరిగి ఆడాయి. కానీ ఒక పథకం స్థానంలో మరో పథకం వచ్చిందే తప్ప, ఒకే కొనుగోలుదారుపై ఆధారపడటం మారలేదు.

పన్నుల విషయంలో మాత్రం ఒక ఊరట దక్కింది. కృత్రిమ నూలుపై జీఎస్టీ 12 శాతం, దానితో నేసిన గుడ్డపై 5 శాతం ఉండటంతో చిన్న ఉత్పత్తిదారుల పెట్టుబడి పన్ను రూపంలో ఇరుక్కుపోయేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నూలుపైనా 5 శాతానికి తగ్గించారు. దీంతో నూలు కొనుగోలులో చేతి నుంచి పెట్టాల్సిన సొమ్ము కొంత తగ్గింది.

బల్దియా చేతిలో ఏముంది

ఆర్డర్లు, నూలు, జీఎస్టీ పురపాలక సంఘం చేతిలో లేవు. అయితే షెడ్డు ఉన్న వీధి రోడ్డు, మురుగు కాలువ, తాగునీరు, వీధి దీపం, భవన అనుమతి, వ్యాపార లైసెన్సు, చిరువ్యాపారి బండి నిలిచే స్థలం దాని పరిధిలోనివే. పరిశ్రమ కుదేలైన నాడు ఖర్చు తగ్గించి కుటుంబాన్ని నిలబెట్టేవి కూడా ఈ సేవలే.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చి పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా కల్పించింది. 12వ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొంది. ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళిక, పట్టణ పేదరిక నిర్మూలన వాటిలో ఉన్నాయి. కనుక ఉపాధి విషయం తమకు సంబంధించినది కాదని పురపాలక సంఘం చేతులు దులుపుకొనే వీలు లేదు.

రాష్ట్రంలో పట్టణ పాలనకు ఆధారం తెలంగాణ పురపాలక సంఘాల చట్టం-2019. 75 చదరపు గజాల వరకు స్థలంలో నిర్మించే చిన్న ఇళ్ళకు అనుమతి అవసరం లేకుండా రూపాయి రుసుముతో నమోదు, 500 చదరపు మీటర్ల వరకు స్వీయ ధ్రువీకరణతో అనుమతి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయింపు ఈ చట్టంలోని ముఖ్యాంశాలు. ఆస్తిపన్ను కూడా యజమాని స్వీయ మదింపుతోనే నిర్ణయమవుతుంది. తప్పుడు సమాచారం ఇస్తే పన్నుకు 25 రెట్లు జరిమానా విధించే అధికారం ఉంది. ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని చట్టం చెబుతోంది. ఒక్కో కమిటీలో 15 మంది సభ్యులు ఉంటారు. ఈ కమిటీలు కాగితాలకే పరిమితమైతే చట్టం ఉద్దేశం నెరవేరదు.

పాలకవర్గం, ప్రత్యేకాధికారి

2020 జనవరి 22న జరిగిన ఎన్నికల్లో పట్టణంలోని 39 వార్డులకు సభ్యులు ఎన్నికయ్యారు. వారి నుంచే అధ్యక్షుడి ఎన్నిక పరోక్షంగా జరుగుతుంది. ఆ పాలకవర్గం పదవీకాలం 2025 జనవరి నెలాఖరులో ముగియడంతో పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్ళింది.

పాలకవర్గం లేకపోవడం పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. ఎన్నికైన పాలకవర్గం ఉన్న సంస్థలకే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు అందాలన్నది నిబంధన. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిరిసిల్ల వంటి పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 40 శాతం మాత్రమే స్థానిక అవసరాలకు స్వేచ్ఛగా ఖర్చు చేసుకునే వీలు కల్పించారు. మిగిలిన 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి చెరి సగం వెచ్చించాలని షరతు పెట్టారు. ఆస్తిపన్ను కనీస రేట్లు, లెక్కల తనిఖీ వివరాలు ప్రజల ముందుంచడం కూడా షరతులుగా ఉండేవి. వార్డు సభ్యుడు లేనప్పుడు కాలువ పూడిందని చెప్పుకోవడానికి సామాన్యుడు నేరుగా కార్యాలయం మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

విలీన గ్రామాల వెత

2018లో పెద్దూరు, సర్దాపూర్, చంద్రంపేట, రగుడు, బోనాల తదితర శివారు గ్రామాలను పురపాలక సంఘంలో విలీనం చేశారు. పట్టణం విస్తరిస్తున్న దిశలోనే ఈ గ్రామాలు ఉన్నాయి. అపెరల్ పార్కు వెలసింది పెద్దూరు పరిధిలోనే. అయితే వీటిలో అనేక కుటుంబాలు నేటికీ వ్యవసాయం, కూలిపనులపైనే ఆధారపడి ఉన్నాయి.

గ్రామీణ ఉపాధి హామీ పని పట్టణ పరిధిలో వర్తించదు. విలీనమైన నాటి నుంచి ఆ కూలీలకు ఎండాకాలపు పనిదినాలు పోయాయి. మరోవైపు ఇంటిపన్ను పట్టణ లెక్కన వస్తోంది. రోడ్లు, కాలువలు, దీపాలు మాత్రం పట్టణ నడిబొడ్డుతో సమానంగా అందలేదన్నది విలీన గ్రామాల వాసుల ఆవేదన. తమ ఊళ్ళను తిరిగి పంచాయతీలుగా మార్చాలని పలుమార్లు ఆందోళనలు జరిగాయి. పొలం గట్టున ఉన్న ఊరికి, సాంచాల షెడ్డు ఉన్న వీధికి ఒకే కొలబద్ద సరిపోదని ఈ అనుభవం తెలుపుతోంది. విలీన వార్డులకు విడిగా నిధులు కేటాయించి, చేసిన ఖర్చును వార్డుల వారీగా వెల్లడిస్తే ఈ అపనమ్మకం కొంతైనా తగ్గుతుంది.

వరద నేర్పిన పాఠం

2021 సెప్టెంబరు 7న కురిసిన భారీ వర్షానికి ఎగువ చెరువుల నీరు పట్టణాన్ని ముంచెత్తింది. శాంతినగర్ తదితర కాలనీలు జలమయమయ్యాయి. విపత్తు సహాయక బృందాలు పడవలపై ప్రజలను తరలించాల్సి వచ్చింది. నేత పట్టణంలో వరద నష్టం సాధారణ ఇంటి నష్టం కంటే ఎక్కువ. సాంచా మోటారు నేల మట్టానికి దగ్గరగా ఉంటుంది. నూలు, భీములు తడిస్తే పనికిరావు. ఒక్క రాత్రి నీరు నిలిస్తే వారాల కూలి కొట్టుకుపోతుంది.

చెరువుల మత్తడి కాలువలు కుంచించుకుపోవడం, నీటి దారుల్లో నిర్మాణాలు వెలవడం ఇటువంటి ముంపునకు ప్రధాన కారణాలు. పట్టణం దిగువన మానేరుపై సుమారు 27 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన మధ్య మానేరు జలాశయం వల్ల నీటి లభ్యత పెరిగింది. నది ఒడ్డున కరకట్టతో ఆహ్లాదకర వాతావరణమూ ఏర్పడింది. అదే సమయంలో వాన నీరు సాఫీగా నదిని చేరే మార్గాలను కాపాడుకోవాల్సిన బాధ్యత పెరిగింది. భవన అనుమతుల జారీలో కాలువ హద్దులను ఖచ్చితంగా పాటించడమే దీనికి చవకైన పరిష్కారం.

పారిశుద్ధ్యంలో ముందడుగు

పారిశుద్ధ్య విషయంలో సిరిసిల్ల చిన్న పట్టణాలకు మార్గం చూపింది. భూగర్భ మురుగు వ్యవస్థ లేని పట్టణంలో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాలను శివారు పొలాల్లో, వాగుల్లో పారబోయడం పెద్ద సమస్య. దీనిని అరికట్టేందుకు మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పిన తొలి తరం పట్టణాల్లో ఇది ఒకటి. తడి, పొడి చెత్తను వేరుచేసి పొడి వ్యర్థాలను విక్రయించే పనిలో మహిళా సంఘాలను భాగస్వాములను చేశారు. అద్దకం యూనిట్ల రంగునీటి విషయంలో మాత్రం నిరంతర నిఘా అవసరం.

అపెరల్ పార్కుపై ఆశలు

సిరిసిల్లలో నేసిన గుడ్డ చాలావరకు శుద్ధి, అద్దకం లేకుండా ముడి రూపంలోనే ఇతర ప్రాంతాలకు తరలిపోతుంది. రంగు అద్ది, దుస్తులుగా కుట్టినప్పుడు పెరిగే విలువ మరో ఊరికి చేరుతుంది. ఈ లోటును పూడ్చేందుకు పెద్దూరులో అపెరల్ పార్కును ప్రతిపాదించారు. గోకల్‌దాస్ ఇమేజెస్ సంస్థ పరిశ్రమకు 2021 జులైలో శంకుస్థాపన జరిగింది. కుట్టుపనిలో శిక్షణ పొందిన మహిళలకు స్థిరమైన నెల జీతం దక్కడం, బీడీల పొగాకు ధూళి నుంచి బయటపడటం ఈ పార్కుతో ముడిపడిన ఆశలు.

ఇదే ప్రాంతంలో కార్మికుడిని యజమానిగా మార్చే ‘వర్కర్ టు ఓనర్’ పథకాన్ని రూపొందించారు. 1,104 మంది కార్మికులకు ఒక్కొక్కరికి నాలుగు చొప్పున ఆధునిక సాంచాలు ఇవ్వాలన్నది లక్ష్యం. షెడ్ల నిర్మాణం చేపట్టినా అనుకున్న గడువులో సాంచాలు కార్మికుల చేతికి రాలేదు. మెగా పవర్‌లూమ్ క్లస్టర్ మంజూరు చేయాలని రాష్ట్రం కేంద్రాన్ని పలుమార్లు కోరింది. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం మిత్ర పార్కుల్లో తెలంగాణ వాటా వరంగల్‌లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు దక్కింది.

రైలు వస్తే..

మనోహరాబాద్ నుంచి సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ సమీపంలోని కొత్తపల్లి వరకు 151 కి.మీ. రైలు మార్గానికి 2016 ఆగస్టు 7న ప్రధాని శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబరు 3న సిద్దిపేట వరకు రైలు నడిచింది. సిరిసిల్ల వద్ద మానేరును దాటేందుకు భారీ వంతెన అవసరం. నూలు రావడానికీ, గుడ్డ పోవడానికీ లారీలపైనే ఆధారపడిన పట్టణానికి రైలు చేరితే రవాణా ఖర్చు తగ్గుతుంది. వేములవాడ భక్తుల రాకతో చిరువ్యాపారం పెరుగుతుంది. స్టేషను పరిసరాల్లో రోడ్లు, గోదాముల స్థలాలను ముందుగానే ప్రణాళికలో చేర్చుకోవడం పురపాలక సంఘం చేయదగిన పని.

చిరువ్యాపారికి చట్టం అండ

సాంచా ఆగినప్పుడు అనేకులు తోపుడు బండి, కూరగాయల తట్ట, మిర్చి బజ్జీల బండిని ఆశ్రయిస్తారు. వీధి వ్యాపారుల చట్టం-2014 ప్రకారం సర్వే పూర్తికాకుండా, ధ్రువపత్రాలు ఇవ్వకుండా వీరిని తొలగించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో తొలి విడత రుణం రూ.10 వేలు ఉండగా 2025లో దానిని రూ.15 వేలకు, రెండో విడతను రూ.25 వేలకు పెంచారు. మూడో విడతలో రూ.50 వేలు ఇస్తారు. సకాలంలో చెల్లించిన వారికే తదుపరి విడత దక్కుతుంది. దరఖాస్తులను పురపాలక సంఘంలోని మెప్మా విభాగం స్వీకరిస్తుంది. పట్టణ మహిళా సంఘాలకు బ్యాంకు రుణాలు ఇప్పించేది కూడా ఈ విభాగమే.

పట్టణవాసులు గుర్తుంచుకోవాల్సినవి

* ఆస్తిపన్నును ఏడాదికి రెండు విడతలుగా చెల్లించవచ్చు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి చెల్లించిన వారికి 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. గడువు మీరితే బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

* ఇంటి అనుమతులకు 2020 నవంబరు నుంచి టీఎస్ బీపాస్ విధానం అమలైంది. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ పేరిట కొత్త విధానం ప్రవేశపెట్టారు. దళారులను ఆశ్రయించాల్సిన అవసరం లేదు.

* షెడ్డును ఇంటి లెక్కన చూపి పన్ను కడితే తరువాత జరిమానా భారం పడుతుంది. మదింపు వివరాలు సరిచూసుకోవడం ఉత్తమం.

* పురపాలక సంఘం బడ్జెట్, ఆదాయ వ్యయాల వివరాలను సమాచార హక్కు చట్టం-2005 కింద ఏ పౌరుడైనా కోరవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

కర్తవ్యం

సిరిసిల్ల సమస్య పని రాకపోవడం ఒక్కటే కాదు, వచ్చిన పని ఎన్నాళ్ళు ఉంటుందో తెలియకపోవడం. ప్రభుత్వ ఆర్డరు ఏడాదిలో కొన్ని నెలలకే సరిపోతుంది. మిగిలిన నెలలకు బహిరంగ విపణిలో అమ్ముడయ్యే గుడ్డ నేయాలి. అందుకు చిన్న ఆసామికి అరువుపై నూలు, స్థానికంగా అద్దకం, కుట్టుపని, ఆర్డర్లకు ముందుగా ప్రకటించిన కాలపట్టిక, బిల్లులకు నిర్ణీత గడువు అవసరం. ఇవి రాష్ట్రం చేయాల్సినవి.

ముంపులేని వీధి, నిరంతర నీరు, విలీన వార్డులకు న్యాయమైన వాటా, చిరువ్యాపారికి నిలువ నీడ, పారదర్శకమైన లెక్కలు బల్దియా చేయాల్సినవి. కార్యాలయాలు, కళాశాలలు, రహదారులతో పట్టణానికి జిల్లా కేంద్రపు హంగులు సమకూరాయి. షెడ్డులో 12 గంటలు నిలబడే కార్మికుడి ఇంటికి నెలనెలా నమ్మకమైన కూలి చేరిన రోజునే ఆ అభివృద్ధి సంపూర్ణమవుతుంది.